అశ్వానికి అలంకారమెంత?

గత సంచికలో ఈ శీర్షిక కింద ఇంటి కుర్చీల ఎంపికను గురించి ముచ్చటించుకున్నాము. ఈసారి విషయం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. రాజస్థాన్‌లో పనిచేస్తున్న సహోద్యోగి ఒకరు మాకు ఉత్తరం వ్రాశారు. వారి అమ్మాయి కొన్నేళ్ళుగా స్వారీ నేర్చుకుంటున్నదట. వచ్చే కార్తికంలో ఒక మార్వాడీ ఆడగుర్రాన్ని ప్రదర్శనకు తీసుకొని వెళ్ళాలని ఆమె సంకల్పం. బజారులో పూసల పేటలు, కుచ్చులు, అద్దాల పట్టీలు, జరీ జీనుగుడ్డలు రాసులు పోసి ఉన్నాయి. పక్క దుకాణంలో సాదా తోలు కళ్ళెం ఒంటరిగా వ్రేలాడుతున్నది. ఏది కొనమంటారు? అని వారి ప్రశ్న.

తోలు, లోహం, కుట్టు, తులాదండం – ఇవి నాలుగూ ఇంజనీరు పరిధిలోనివే కనుక ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి మేము జంకలేదు. మా సమాధానం సాదా తోలు కళ్ళెమే. ఎందుకో చెప్పవలసి ఉన్నది.

ప్రదర్శన రింగు పరుగు పందెం కాదు, పెళ్ళి ఊరేగింపూ కాదు. అక్కడ న్యాయనిర్ణేత తల అమరిక, మెడ వంపు, భుజం వాలు, వీపు, కాళ్ళు, నడక, స్వభావం చూస్తాడు. ఒక్కొక్క గుర్రానికి ఆయన ఇవ్వగలిగేది కొద్ది నిమిషాల కాలమే. ఆ కొద్ది సేపట్లో ఆయన చూపు గుర్రం మీద నిలవకుండా చేసే ప్రతి వస్తువూ యజమాని తన గుర్రానికి తానే చేసుకునే అపకారం.

ఈ సంగతిని ఆంగ్లేయులు తమ దేశపు ప్రదర్శనలలో ఒక నియమంగానే స్థిరపరచుకున్నారు. వేట గుర్రాల తరగతిలో వెడల్పాటి సాదా తోలు కళ్ళెం, బల్లపరుపు ముక్కు పట్టీ తప్ప రంగు కనబడరాదు. కాళ్ళను పరిశీలించాలి కనుక కాళ్ళకు తొడుగులు ఉండవు. జీను కింది మెత్త జీను ఆకారానికే కత్తిరించి, దాని రంగులోనే ఉంటుంది. భుజం కనబడాలని జీను ముందంచును కూడా నిటారుగా కోస్తారు. నాజూకైన ‘హాక్’ తరగతి గుర్రాలకు మాత్రం నుదుటి మీద రంగు పట్టీ ఒప్పుకుంటారు. వారి కొండ ప్రాంతాల పొట్టి గుర్రాలకైతే జూలు అల్లడం కూడా ఆచారం కాదు. ఏ జాతికి ఏది తగునో ఆ జాతి పనిని, పుట్టుకను బట్టి నిర్ణయించారన్నమాట.

ఇదంతా నిరాడంబరత పేరిట జరిగే గడుసుదనం కూడా! తల కొంచెం మోటుగా, పొడవుగా ఉంటే వెడల్పు ముక్కు పట్టీ దానిని పొట్టిగా చూపుతుంది. సన్నని తలకు అదే పట్టీ వేస్తే తల మరుగున పడిపోతుంది. మెడ పొట్టిదైతే జూలును ఎక్కువ జడలుగా అల్లి పొడవుగా భ్రమింపజేస్తారు. అలంకారం చేసినట్లు కనబడనీయకపోవడమే అక్కడి అలంకారం.

ఇక మన గుర్రాల మాట. మార్వాడీ గుర్రాన్ని, సౌరాష్ట్రపు కాఠియావాడీ గుర్రాన్ని ఎవరైనా మొదట గుర్తించేది చెవులతో. అవి లోపలికి వంగి, కొనలు ఒకదానినొకటి తాకుతూ తోరణంలా నిలుస్తాయి. సంతలో అమ్మే కుచ్చుల నుదుటి పట్టీ సరిగ్గా ఆ చెవుల మొదలునే కప్పుతుంది. గుర్రానికి దేవుడిచ్చిన తోరణాన్ని దాచి, పదిమంది గుర్రాలకూ ఉండే ఉన్ని తోరణాన్ని కట్టడం ఏమి తెలివి? పైగా నుదుటి పట్టీ పొట్టిదైతే తలపట్టీని ముందుకు లాగి చెవుల వెనుక ఒరిపిడి కలిగిస్తుంది. గుర్రం తల విదిలిస్తుంది. న్యాయనిర్ణేత దానిని దుస్స్వభావంగా వ్రాసుకుంటాడు.

మరొక చిక్కు ఉన్నది. మన పల్లెలలో ఎద్దులకు సుడులు చూసినట్లే అక్కడ గుర్రాలకూ చూస్తారు. మెడ మీది సుడిని ‘దేవమణి’ అని శుభంగా భావిస్తారు. కంటి కింది సుడిని చాలామంది ఇష్టపడరు. నాలుగు కాళ్ళూ, ముఖమూ తెల్లగా ఉన్న గుర్రం మనకూ తెలిసిన పంచకల్యాణి. ఈ నమ్మకాలలో సత్యమెంత అన్న చర్చకు ఇక్కడ దిగబోము. కానీ సంతకు వచ్చిన బేరగాడు ఆ చోట్లే వెదకుతాడన్నది వాస్తవం. మెడనిండా పూసలు, కాళ్ళకు పట్టెడలు కట్టిన గుర్రాన్ని చూడగానే అతనికి కలిగేది మెచ్చుకోలు కాదు, అనుమానం. కాలి గజ్జెలదీ అదే కథ. ఈ జాతికి ‘రేవాల్’ అనే కుదుపులేని నడక ఒకటి ఉన్నది. ఆ నడకను చూపదలచినవారు చెవులు గింగురుమనే చప్పుడును తోడు తెచ్చుకోరాదు.

ఇంతవరకు చెప్పినది అభిరుచికి సంబంధించినది. దానిలో భేదాభిప్రాయాలకు తావున్నది. నోటిలో పెట్టే కడ్డీ విషయంలో అటువంటి తావు లేదు.

గుర్రం ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య పళ్ళు లేని ఖాళీ ఉంటుంది. కడ్డీ కూర్చునేది అక్కడే. అక్కడ పలుచని చర్మం, దాని కింద ఎముక, అంతే. సాదా ‘స్నాఫుల్’ కడ్డీకి పగ్గం సూటిగా తగిలించి ఉంటుంది కనుక చేతితో 2 కిలోల బలం పెడితే నోటికి సుమారు 2 కిలోలే తగులుతుంది. ‘కర్బ్’ కడ్డీ అలా కాదు. దానికి రెండు పక్కలా నిలువు బద్దలు, గడ్డం కింద గొలుసు ఉంటాయి. కడ్డీకి పైన బద్ద 5 సెంటీమీటర్లు, కింద 10 సెంటీమీటర్లు అనుకుందాము. పగ్గాన్ని 2 కిలోలతో లాగితే గొలుసు మీద 4 కిలోలు, నోటి ఎముక మీద మొత్తం 6 కిలోలు పడుతుంది. కింది బద్దను 15 సెంటీమీటర్లకు పెంచితే గొలుసు మీద 6, నోటి మీద 8. మన కర్మాగారంలో గునపంతో బండరాయిని కదిపే సూత్రమే ఇది. నగిషీ చెక్కిన పొడవైన వెండి బద్దల కళ్ళేలు చూడ ముచ్చటగా ఉంటాయి. ఆ ముచ్చట ధర ఎవరు చెల్లిస్తున్నారో పై అంకెలే చెబుతాయి. నిపుణుడైన రౌతు చేతిలో కర్బ్ కడ్డీ సున్నితమైన సాధనమే, కాదనము. నేర్చుకుంటున్న పిల్ల చేతికి అది తగదని మా నిశ్చితాభిప్రాయం.

ఇక ముళ్ళ కడ్డీలు. వీటిని ఇప్పటికీ రహస్యంగా అమ్మేవారున్నారు. మెడ వంచి, నురుగు కక్కుతూ, కాళ్ళు ఎత్తెత్తి వేసే గుర్రాన్ని చూసి ‘ఎంత పౌరుషం!’ అని మెచ్చుకునేవారు ఒకసారి దాని నాలుకను చూడాలి. బండి లాగే, బరువు మోసే పశువుల పట్ల క్రూరత్వాన్ని నివారించేందుకు 1965లో కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాలు ముళ్ళున్న కళ్ళేలను నిషేధించాయి. ప్రదర్శన గుర్రం బండి లాగదు కదా అని వాదించేవారు ఉండవచ్చు. గుర్రపు నోటికి ఆ తేడా తెలియదు.

అలంకారం మన సంప్రదాయం కాదా, ఆంగ్లేయుల సాదాతనం మనకెందుకు అని కొందరు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1773లో ఏర్పడిన రాష్ట్రపతి అంగరక్షక దళం కవాతులో గుర్రాల మీది రంగులు, మెరుపులు చూసి గర్వించని వారెవరు? 1953లో ఏర్పడిన 61వ అశ్వదళమూ అంతే. అయితే కవాతులో నూరు గుర్రాలు ఒక్కటిగా కనబడాలి. అందుకు ఒకే వేషం కావాలి. పెళ్ళిలో వరుడు కనబడాలి; అందుకు జరీ కావాలి. రింగులో కనబడవలసినది ఒక్క గుర్రమే. ఊరి ఆచారం మీద గౌరవంతో ఏదైనా పెట్టాలనిపిస్తే నుదుటి పట్టీ మీద ఒకే రంగు సన్నని నూలు అల్లిక చాలు. ఎర్రమట్టి రంగు గుర్రానికి ముదురు నీలం బాగుంటుందని మా ఇంటి వారి సలహా. రంగుల విషయంలో వారి మాటకు మేము ఎదురు చెప్పము.

తోలు సామానుకు మన దేశంలో కాన్పూరు ప్రసిద్ధి. ‘కాన్పూరు శాడిలరీ’కి భౌగోళిక సూచిక గుర్తింపు ఉన్నది. సైన్యానికి జీనులు కుట్టడానికి 19వ శతాబ్దిలో అక్కడ నెలకొన్న ఫ్యాక్టరీ 2021 నుండి ట్రూప్ కంఫర్ట్స్ లిమిటెడ్ కిందికి వచ్చింది. అంటే అది మన వంటి ప్రభుత్వరంగ సంస్థే. కొనేటప్పుడు పట్టీని లోపలి వైపుకు వంచి చూడండి; పైపొర పగిలినా, బుడగలా లేచినా వద్దు. కుట్టు చేతిదైతే మేలు. ఒకే దారానికి రెండు చివరలా సూదులు కట్టి ప్రతి రంధ్రంలో ఎదురెదురుగా దూర్చే కుట్టు అది. ఒకచోట తెగినా మిగిలినది పట్టుకొని ఉంటుంది. యంత్రపు కుట్టులో ఒకచోట తెగితే వరుస విడిపోవచ్చు. బకిల్సు స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి. నికెల్ పూత కొన్నాళ్ళకు లేచిపోతుంది. ఇత్తడి అందమే గాని తోలులోని కొవ్వు తగిలినచోట పచ్చని చిలుము పుడుతుంది. వారం వారం తుడిచే ఓపిక ఉన్నవారికే అది.

కొనే ముందు ప్రదర్శన నిర్వాహకుల నియమావళి తెప్పించుకోవాలి. చేత పట్టి నడిపించే పోటీకీ, ఎక్కి చూపే పోటీకీ సామాను వేరు. తరువాత ఒక దర్జీ టేపు తీసుకొని మూడు కొలతలు వ్రాసుకోండి: ఒక నోటి మూల నుండి చెవుల వెనుకగా రెండవ మూల వరకు, ఒక చెవి వెనుక నుండి నుదుటి మీదుగా రెండవ చెవి వెనుక వరకు, నోటి వెడల్పు. పట్టీ బకిలు నడిమి రంధ్రంలో పడాలి. నుదుటి పట్టీ కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి. కొత్త తోలు బిరుసుగా ఉంటుంది కనుక ప్రదర్శనకు కనీసం నెల రోజుల ముందే కొని, నూనె పట్టించి, రోజూ ఒక గంట ఇంటి దగ్గరే తొడిగి అలవాటు చేయండి.