ఇంటింటి విమర్శకులు

కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో వెలువడిన 'మాయాబజార్' చిత్రంలో ప్రియదర్శిని అనే పేటిక ఉన్నది. దానిలో ఎవరికి ప్రియమైనది వారికి కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునికి దుర్యోధనుడు సాక్షాత్కరిస్తారు. నేడు ఇంటింటా ఉన్న టెలివిజన్ కూడా ఒక విధంగా ప్రియదర్శినియే. అదే 'మాయాబజార్'ను ఇంటిల్లిపాదీ కలిసి చూసినప్పుడు తాతగారు సంభాషణలను మెచ్చుకుంటారు. తల్లి పాటలను తలచుకుంటుంది. పిల్లలు ఘటోత్కచుని మాయలకు మురిసిపోతారు. ఈ రుచిభేదం లోకసహజం, ఆనందదాయకం.

అయితే అభిరుచి వేరు, తీర్పు వేరు. 'నాకు నచ్చలేదు' అనే హక్కు అందరికీ ఉన్నది. 'బాగులేదు' అన్నవారు మాత్రం కారణం చూపవలసి ఉంటుంది. ఇంటిపనుల నడుమనో, ఫోనులో మాట్లాడుతూనో సగం ఎపిసోడు చూసి, ఎందరో కళాకారుల శ్రమను ఒక్క మాటతో తోసిపుచ్చడం న్యాయం కాదు. అటువంటి మాట విని మంచి చిత్రాన్ని చూడకుండా విడిచిపెట్టేవారికీ నష్టమే.

సంతోష ఘట్టంలో సంతోషించి, శోక ఘట్టంలో శోకించగలవాడే తగిన ప్రేక్షకుడని భరతుని నాట్యశాస్త్రం చెబుతున్నది. అందుకు పాండిత్యం అక్కరలేదు, శ్రద్ధ కావాలి. శ్రద్ధగా చూసి, తనకు తోచిన కారణాన్ని చెప్పగలిగిన సామాన్యుని అభిప్రాయం పండితుని విమర్శకు తీసిపోదు. కనుక యువత ముందు పూర్తిగా చూడాలి, పిదప 'ఎందుకు?' అని తమను తాము ప్రశ్నించుకోవాలి. ఆ తరువాతనే తీర్పు చెప్పాలి.