గాదెలో ఎంత, కుప్పలో ఎంత?

నా అభిప్రాయం ముందే చెబుతాను. తెలుగులో రాసేవారికి ఛందస్సు రాకపోయినా మన్నించవచ్చు గాని, తాము రాసినది ఎంత చోటు ఆక్రమిస్తున్నదో కొలుచుకోవడం రాకపోతే కుదరదు.

లినక్సులో ఈ కొలతకు డీఎఫ్, డీయూ అని రెండు ఆదేశాలున్నాయి. రెండూ 1971 నాటి తొలి యునిక్సు కూర్పులోనే ఉన్నవి. మా వాకాడు వైపు రైతుల మాటల్లో చెప్పుకుంటే ఇవి తేలికగా బోధపడతాయి. ఇక్కడ ధాన్యం లెక్క పుట్లలో సాగుతుంది. పుట్టి అంటే 850 కిలోలు. గాదె ఎంత పడుతుంది, ఎంత నిండింది, ఇంకెంత ఖాళీ ఉంది అని అడగడం డీఎఫ్. లోపల ఏ కుప్ప ఎంతో విడివిడిగా కొలిచి కూడడం డీయూ. గాదె నిండిందని తెలిసినంత మాత్రాన ఏ కుప్పను కదిలించాలో తెలియదు. అందుకు డీయూయే శరణ్యం.

ఒక్కొక్కప్పుడు ఈ రెండు లెక్కలూ పొసగవు. మనం తుడిచివేసిన దస్త్రాన్ని ఏదో ఒక ప్రోగ్రాము ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే, పేరు పోయినా చోటు ఖాళీ కాదు. డీఎఫ్ దానిని లెక్కిస్తుంది. డీయూ కంటికి అది ఆనదు. ఆ ప్రోగ్రామును ఆపితే లెక్క కుదురుతుంది.

ఇక అసలు విషయం. యూనికోడు తెలుగుకు బరువెక్కువ అని ఒక అపవాదు ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు పడతాయన్నది నిజమే. "అమ్మ" అన్న మాటలో అ, మ, పొల్లు, మళ్ళీ మ కలిసి 4 సంకేతాలు. అంటే 12 బైట్లు. పైగా దస్త్రాలు సాధారణంగా 4096 బైట్ల గడులలో నిలవ ఉంటాయి కనుక, ఆ ఒక్క మాటను దాచినా ఒక గడి మొత్తం పోతుంది. డీయూ మామూలుగా చూపేది ఈ గడుల లెక్కనే.

అయినా కొలిచి చూడండి. ఇంత నిడివి టపాకు రెండు మూడు గడులు చాలు. అటువంటివి వెయ్యి రాసినా 12 మెగాబైట్లు దాటవు. ఫోనుతో తీసిన మూడు నాలుగు ఫొటోలకు పట్టే చోటు అది! నా దస్త్రాలను డీయూతో కొలిచి, ఆ ఫలితాన్ని సార్ట్ ఆదేశానికి అందించి పెద్దవి పైకి వచ్చేలా పేర్చుకున్నప్పుడల్లా పై వరుసలన్నీ వీడియోలవీ, స్కాను చేసిన పుస్తకాలవీ. నేను రాసిన తెలుగు ఎప్పుడూ అట్టడుగునే.

2009 అక్టోబరులో యాహూ అమెరికాలో జియోసిటీసును మూసివేసింది. అక్కడ ఉచితంగా కట్టుకున్న పుటలెన్నో దానితోనే పోయాయి. ఉచితంగా దొరికిన చోటు ఎప్పటికీ ఇచ్చినవారిదే. మీ రాతలకు సొంత నకలు పెట్టుకోండి అంటే, చోటేదీ అంటారు మిత్రులు. డీయూ ముందు ఆ సాకు నిలవదు.

కనుక మిత్రులారా, డీయూ అని రాసి, చిన్న గీత పెట్టి, ఎస్, హెచ్ చేర్చి, మీ టపాల ఫోల్డరు పేరివ్వండి. ఒక నకలు ఇంట్లో, ఇంకొకటి వేరే ఊళ్ళో ఉంచండి. తుపానుల దారిలో ఉన్న మాకు, ఉన్నదంతా ఒకే గాదెలో పోయకూడదని వేరే చెప్పనక్కరలేదు.