రామదండు నడిపిన స్వరాజ్యం

స్వరాజ్యం మాట పల్లెజనం మనసుకు ఎక్కడానికి సభలు, తీర్మానాలు చాలలేదు. వారి భక్తి తోడయ్యాకే అది నాటుకుంది. తెలుగునాట ఇందుకు నిలువెత్తు సాక్ష్యం చీరాల-పేరాల ఉద్యమం.

ఆ జంట ఊళ్లను ప్రభుత్వం మునిసిపాలిటీగా మార్చడంతో పన్నులు మోయలేనంత పెరిగాయి. అక్కడి జనంలో చేనేతవారే ఎక్కువ. వారికి అండగా నిలిచిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడింబరోలో చదివి వచ్చినవారు. అయినా తన సేవాదళానికి ఆయన పెట్టిన పేరు రామదండు. కాషాయ వస్త్రాలు, మెడలో రుద్రాక్షలు, నుదుట బొట్టుతో దండు కదిలేది. 1921లో గాంధీజీ సూచన మేరకు వేలమంది ఇళ్లు విడిచి, పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరు రామనగర్. ఎండకు ఎండి, వానకు తడిసి సుమారు పదకొండు నెలలు నిలబడ్డారు. ఊరు విడవడం ఓటమి కాదని, ధర్మం కోసం రాముడూ అడవికి వెళ్లాడని వారికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న దిండి వంటి కోనసీమ ఊళ్లకూ ఈ రామభక్తి భాష బాగా తెలుసు. రామాలయం అరుగు, నవమి పందిరి, హరికథ: ఊరంతా ఒకచోట చేరే సందర్భాలు ఇవే. అయితే ఊరంతా అన్న మాటలో అప్పట్లో దళితులు లేరు. దేవుడి పేరుతో సాగిన పోరాటానికి ఇదే పెద్ద లోటు. మద్రాసు రాష్ట్రంలో వారు హక్కుగా గుడి మెట్లెక్కడానికి 1947 నాటి ఆలయ ప్రవేశ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.