ముందు బ్రేకు బేటా, తర్వాతే ఇంజన్

పోయిన జుమ్మా రోజు ఆపా ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "నీ భాంజాకి దిమాగ్ ఖరాబైంది రా. యాభై ఏళ్ల పాత కారు కొన్నాడు. నడుస్తున్న ఇంజన్ పీకేసి వేరేది పెడతాడంట. నువ్వన్నా చెప్పు" అంది. ఆ రాత్రే డల్లాస్ నుంచి వాడి ఫోన్. "మామూ, అమ్మీని మీరే సమ్‌జాయించాలి."

ఎవరి తరఫున మాట్లాడాలో తేలక రెండ్రోజులు ఊరుకున్నాను. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ఇలాంటి షౌక్ ఉన్న పిల్లలు మన ఖాందాన్లలో చాలామందే ఉన్నారు కాబట్టి, నా రాయ్ ఏదో ఇక్కడే అందరికీ చెబుతున్నాను.

ఆ కారు డాట్సన్ 240జెడ్. 1969లో జపాన్‌లో బయటికొచ్చింది. అమెరికాలో మొదట్లో దాని ధర 3,526 డాలర్లు. యూరప్ స్పోర్ట్స్ కార్లు కొనలేని మామూలు నౌకరీపేషా మనిషి కూడా కొనుక్కోగలిగిన ఖూబ్‌సూరత్ బండి. 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, 151 హార్స్‌పవర్. బరువు వెయ్యి కిలోల పైచిలుకు మాత్రమే. వెనక చక్రాలకే పవర్. ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ములు.

మావాడు పెడతానంటున్నది నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఇంజన్, ఆర్‌బీ26. 2.6 లీటర్లు, రెండు టర్బోలు, కాగితం మీద 280 హార్స్‌పవర్. టర్బో అంటే సాదాగా చెబితే ఇది: సైలెన్సర్ గొట్టంలోకి వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంకో చక్రం తిప్పి, ఇంజన్లోకి గాలిని దబాయించి తోయడం. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ కాలుతుంది, తాకత్ పెరుగుతుంది.

నా ఏతరాజ్ ఎక్కడంటే, ఆ ఇంజన్ పుట్టిన జీటీ-ఆర్‌లో నాలుగు చక్రాలకూ పవర్ వెళుతుంది, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులున్నాయి. ముందు చక్రాల డిఫరెన్షియల్ ఏకంగా ఇంజన్ కింది ఆయిల్ సంపులోనే కూర్చుని ఉంటుంది. డాట్సన్‌లో పెట్టాలంటే ఆ సంపే మార్చాలి. అంటే ఆ ఇంజన్‌ని దాని ఇంటి నుంచి, దాని తోబుట్టువుల నుంచి విడదీసి ఒంటరిగా తెస్తున్నాడు. దాన్ని అదుపులో పెట్టే సామానంతా అక్కడే వదిలేసి, తాకత్ ఒక్కటే ఇక్కడికి తెస్తున్నాడు.

మా అబ్బా విజయవాడ ఆటోనగర్లో మిస్త్రీ. ఆయన చిన్నతనం నుంచీ మాకు చెప్పిన మాట ఒకటే: "ఇంజన్ పరిగెత్తిస్తుంది, బ్రేకు ఇంటికి చేరుస్తుంది." ఒకసారి ఒకాయన పాత జీపు తెచ్చి పెద్ద డీజిల్ ఇంజన్ ఎక్కించమన్నాడు. ముందు బ్రేకులు, స్టీరింగ్ చేద్దాం, ఇంజన్ తర్వాత అన్నారు అబ్బా. ఆయనకి సబర్ లేదు. వేరే చోట చేయించుకున్నాడు. మూడు నెలలకి ఆ జీపు కల్వర్టుకి గుద్దుకుని, తాళ్లు కట్టించుకుని మా షెడ్డు ముందుకే వచ్చింది. నడిపినాయన కాలు విరిగి ఆస్పత్రిలో. అబ్బా ఆ రోజు ఒక్క మాటా అనలేదు. అన్నం కూడా తినలేదు.

లెక్క సాదాగానే ఉంటుంది. వేగం రెట్టింపయితే బండిని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన వేడి నాలుగు రెట్లు. యాభై ఏళ్ల డ్రమ్ములకి ఈ హిసాబ్ తెలియదు, పాపం.

మన దగ్గరైతే మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 అడ్డం పడుతుంది. ఆర్‌సీలో రాసింది కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదంటుంది. టెక్సాస్‌లో ఆ అడ్డం తక్కువ. పాతికేళ్లు దాటిన కార్లకి పొగ పరీక్ష లేదు. 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి ఏటా చేసే సేఫ్టీ తనిఖీ కూడా తీసేశారు. మావాడు దీన్ని ఆజాదీ అంటున్నాడు. నేను జిమ్మేదారీ అంటాను. చూసేవాడు లేని చోట, గ్యారేజీలో వాడు బిగించిన ప్రతి బోల్టుకీ వాడే గవాహ్, వాడే ఖాజీ. ఎదురుగా వచ్చే కారులో ఎవరి అమ్మీ ఉందో వాడికేం తెలుసు?

అందుకే వాడికి నేను చెప్పిన తర్తీబ్ ఇది. మొట్టమొదట తుప్పు చూడు. ఈ కార్లకి అదే పెద్ద బీమారీ. బ్యాటరీ పళ్లెం కింద, కాళ్ల కింది రేకులో, ఫ్రేము పట్టాల్లో నక్కి ఉంటుంది. తుప్పు తిన్న ఫ్రేముకి తాకత్ ఎక్కిస్తే అది మెలితిరుగుతుంది. తర్వాత బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు. ఆ తర్వాత పెట్రోల్ లైను. పాత కార్బొరేటర్ల కోసం వేసిన గొట్టాలు ఇంజెక్షన్ పంపు ప్రెషర్‌కి ఆగవు. వేడి టర్బో పక్కనే పెట్రోల్ కారితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. తర్వాత రేడియేటరు. ఇంజన్ అన్నిటికంటే ఆఖరున.

ఇంజన్ కూడా అదే కావాలన్న జిద్ ఎందుకు? 1981 నుంచి 1983 వరకు ఇదే జెడ్ ఖాందాన్‌లో 280జెడ్‌ఎక్స్ టర్బో వచ్చింది. దాని ఎల్28ఈటీ ఇంజన్ 2.8 లీటర్లు, 180 హార్స్‌పవర్. 151కి 180కి తేడా ఎంతలే అనుకోవద్దు. పాత 151 ఫ్యానూ, ఆల్టర్నేటరూ వగైరా తీసేసి కొలిచింది. ఈ 180 అవన్నీ తగిలించి కొలిచింది. అసలు తేడా కనిపించేదానికంటే పెద్దది. పైగా పాత ఇంజన్‌కి ఇది తమ్ముడి వరస. పాత మౌంట్ల మీదే కూర్చుంటుంది, కారుని కోయక్కర్లేదు. తీసిన ఇంజన్‌ని నూనె పోసి, గుడ్డ చుట్టి దాచుకో. దాని నంబరూ, కారు పలకమీది నంబరూ ఒకటైతే దాని ఖద్ర్ వేరు. రేపు మనసు మారితే మళ్లీ పెట్టుకోవచ్చు.

ఇక ఆపాకి ఒక మాట. ఇది ఫజూల్‌ఖర్చీ అన్నావు. అప్పు చేసి చేస్తే ఫజూలే, నేనూ ఒప్పుకుంటాను. సొంత కమాయీలో మిగిలినదాంతో, ఆదివారాలు నూనె చేతులతో కూర్చుని చేస్తుంటే దాన్ని హునర్ అంటారు. మన అబ్బా చేతులు గుర్తు తెచ్చుకో. ఆ చేతులతోనే మనల్ని చదివించారు. మనం చదువుకుని ఆ పనికి దూరమయ్యాం. చెప్పాలంటే కాస్త షరమ్ కూడా పడ్డాం. స్కూల్ ఫారంలో అబ్బా పని 'బిజినెస్' అని రాసింది నేనే. ఇప్పుడు ఆయన మనవడు సముద్రాలవతల స్పానర్ పట్టుకుంటానంటే, వద్దనడానికి నాకు నోరు రావడం లేదు.

నిన్న రాత్రి వాడు ఫొటో పంపాడు. గ్యారేజీలో నేలమీద కొత్త బ్రేకు డిస్కులు నాలుగు, వరసగా. ఇంజన్ సంగతి ఇంకా తేల్చుకోలేదంట. జల్దీ లేదు మామూ, అన్నాడు. ఫొటో ఆపాకి కూడా పంపమన్నాను.