వెతికినవారికి దొరకని వాకిలి

గ్రంథాలయంలో ఏటేటా పుస్తకాల లెక్క చూస్తారు. ప్రయోగశాలలో గాజుసామాను లెక్క చూస్తారు. కళాశాల వెబ్‌సైటును మాత్రం ప్రారంభోత్సవం నాడు అందరూ మెచ్చుకొంటారు, ఆపైన దాని ఊసెత్తరు. ప్రవేశాల రోజుల్లో ఒక విద్యార్థిని ఉర్దూలోనో తెలుగులోనో డిగ్రీ కోర్సు కోసం వెతికినప్పుడు మన పుట కనబడకపోతే, ఆమెకు మన కళాశాల లేనట్లే. కావున సైటును శోధనయంత్రాల దృష్టితో తనిఖీ చేయడం అలంకారం కాదనీ, విద్యాసంస్థ విధులలో ఒకటనీ మా అభిప్రాయం.

ఈ తనిఖీని వృత్తిగా చేసేవారు నూటికి ఇన్ని మార్కులని నివేదిక ఇస్తారు. మార్కులంటే మనకు సహజంగానే భయభక్తులు. కాని ఆ అంకె యంత్రం వేసిన అంచనా మాత్రమే. పుటలో కనబడకుండా కీలకపదాల జాబితా చేర్చే పాత పద్ధతిని తాను లెక్కలోకి తీసుకోనని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఆ జాబితాపై మోజు మాత్రం కొందరికి నేటికీ తీరలేదు.

మొదట చూడవలసినది తలుపు తెరచి ఉన్నదా అన్నది. శోధనయంత్రం పంపే పాఠకయంత్రం గుమ్మంలో రోబోట్స్ అనే చిన్న ఫైలును చదువుతుంది. 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ ఏర్పాటు 2022లో ఇంటర్నెట్ ప్రమాణపత్రంగా వెలువడింది. నిర్మాణ సమయంలో పరులు చూడరాదని అందులో 'డిజల్లో' అన్న మాట, పక్కన ఒక ఏటవాలు గీత పెడతారు. పని ముగిశాక ఆ గీతను తొలగించడం మరచితే సైటంతా మూసిన ఇల్లే. ఏ పుటలు సూచికలోకి ఎక్కాయో, ఎక్కనివి ఎందుకు ఎక్కలేదో గూగుల్ వారి సర్చ్ కన్సోల్ ఉచితంగానే చెబుతుంది. సైటు మనదని రుజువు చూపితే చాలును.

తలుపు తెరచినా లోపల చదవదగిన అక్షరాలుండాలి కదా! మన రెండు భాషలకూ అసలు చిక్కు ఇక్కడే. తెలుగు, అరబీ లిపులకు యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించింది. అయినా పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన తెలుగు చూపుకు తెలుగే గాని, లోపలి సంకేతాలు ఇంగ్లీషు అక్షరాలవి. యంత్రానికి అది అర్థంలేని గిలుకుడు. ఉర్దూ ప్రకటననైతే అందమైన నస్తలీఖ్‌లో కూర్చి, బొమ్మగా మార్చి పెట్టేస్తారు. బొమ్మలోని అక్షరాలను పోల్చుకొనే విద్య యంత్రాలకు కొంత అబ్బింది గాని, పరస్పరం పెనవేసుకొనే ఆ లిపి విషయంలో దానిని నమ్మి కూర్చోలేము. 'స్కాన్ చేసి పెట్టాము గదా' అనేవారికి మా సమాధానం ఇదే.

పరీక్ష సులభం. పుటలోని ఒక వాక్యాన్ని నకలు తీసి, ఫార్మాటింగు లేని ఖాళీ ఫైలులో అతికించాలి. తెలుగు తెలుగుగానే నిలిస్తే క్షేమం. రోమన్ ముక్కలుగా మారితే తిరిగి టైపు చేయవలసిందే. వాక్యం అసలు చేతికే చిక్కకపోతే అది బొమ్మ. ఉర్దూలో మరొక మెలిక కలదు: కాఫ్, ఛోటీ యే అక్షరాలకు అరబీ సంకేతాలు వేరు, ఉర్దూ సంకేతాలు వేరు. ఏ కీబోర్డు వాడాలో కళాశాల ఒక్కసారి నిర్ణయించుకొంటే మేలు. ప్రతి పుటకూ దాని విషయం తెలిపే సొంత శీర్షిక ఉండాలి. అన్నింటికీ 'హోమ్' అని పెడితే తరగతిలో అందరికీ ఒకే పేరు పెట్టినట్లుంటుంది.

వేగం సంగతి క్లుప్తంగా చెబుతాము. ప్రధాన విషయం రెండున్నర సెకన్లలో కనబడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. కొలవవలసినది ఆఫీసు కంప్యూటరు మీద కాదు, సాధారణమైన ఫోను మీద. గూగుల్ సైతం ఫోనులో కనబడే పుటనే ప్రమాణంగా గ్రహించే మార్పును 2023లో పూర్తిచేసింది. కొత్త ప్రిన్సిపాలుగారు వచ్చినప్పుడల్లా సైటు రూపు మార్చే ఉత్సాహం కూడా కొన్నిచోట్ల కనబడుతుంది. మార్చవచ్చు గాని, పాత చిరునామాలకు వచ్చినవారిని కొత్తవాటికి శాశ్వతంగా మళ్ళించే ఏర్పాటు లేకుంటే ఏళ్ళ తరబడి కూడిన పరిచయమంతా వృథా.

ఈ తనిఖీని పూర్తిగా బయటివారికి అప్పగించడం మాకు సమ్మతం కాదు. తలుపు, వేగం సంగతులు కంప్యూటరు విద్యార్థులు చూడగలరు. అక్షరాల సంగతి తెలుగు, ఉర్దూ శాఖలవారే చూడాలి. ప్రవేశ ప్రకటన, ఫీజుల పట్టిక, విద్యార్థివేతనాల వివరాలు ముందుగా రెండు భాషల్లోనూ టైపు కావాలి. ప్రిన్సిపాలుగారి సందేశం, వార్షికోత్సవ ఛాయాచిత్రాలు వేసవి సెలవుల దాకా ఆగగలవు.