చోటు లేదనే సాకు ఇక చెల్లదు

టెలివిజన్ ప్రసారాలు అనలాగ్ నుంచి డిజిటల్ పద్ధతికి మారటం వల్ల బొమ్మ స్పష్టత పెరిగిందని అందరూ సంతోషిస్తున్నారు. అది నిజమే. కాని అంతకంటె పెద్ద ప్రయోజనం చోటు పెరగటమని నా అభిప్రాయం. బిలాస్‌పూర్ చరిత్రే ఇందుకు నిదర్శనం.

2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైన ఈ పట్టణం అంతకు ముందు వాల్తేరుతో పాటు ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. రైల్వే కొలువుల మూలంగా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి.

1975 ఆగస్టు 1న అమెరికా ఉపగ్రహం తోడ్పాటుతో ‘సైట్’ ప్రయోగం మొదలై ఏడాదిపాటు సాగింది. ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. వాటిలో మన కర్నూలు, మెదక్ జిల్లాల గ్రామాలతో పాటు బిలాస్‌పూర్ జిల్లా గ్రామాలు కూడా ఉన్నాయి. ఒకే బొమ్మకు రెండు ధ్వని మార్గాలు జోడించి తెలుగు, కన్నడ వినిపించారు. బిలాస్‌పూర్‌కు హిందీ చేరింది. నాటి యంత్రానికి అంతకు మించిన శక్తి లేదు. ఆ పరిమితిని ఎవరూ తప్పుపట్టలేరు.

నేటి పరిస్థితి వేరు. బొమ్మలో మారని భాగాన్ని మళ్లీ మళ్లీ పంపక, మారిన భాగాన్నే అంకెలుగా కుదించి పంపటమే డిజిటల్ విధానం. అందువల్ల మునుపు ఒక్క చానెల్ ఆక్రమించిన చోటులో నేడు అనేక చానెళ్లు ఇముడుతున్నాయి. ఒకే బొమ్మకు పలు భాషల ధ్వనిని జోడించవచ్చు. ఇందులో లోపం లేకపోలేదు. సంకేతం బలహీనపడితే అనలాగ్‌లో చుక్కల నడుమనైనా బొమ్మ కనిపించేది. డిజిటల్‌లో అది ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. అయినా లాభమే అధికం.

2011 చట్ట సవరణ ప్రకారం కేబుల్ డిజిటలీకరణ దశలవారీగా జరిగింది. పెద్ద నగరాల తర్వాత మిగిలిన పట్టణాలన్నింటికీ 2015 డిసెంబరు 31 గడువు విధించారు. వినియోగదారుడు సెట్‌టాప్ బాక్సు ఖర్చు భరించాడు. దానికి ప్రతిఫలం అడిగే హక్కు అతనికి లేదా?

2022 బడ్జెట్ ప్రసంగంలో కేంద్రం ప్రాంతీయ భాషలలో పాఠాలకోసం విద్యా చానెళ్లను 12 నుంచి 200కు పెంచుతామని ప్రకటించింది. అనలాగ్ కాలంలో ఇది ఊహకైనా అందేది కాదు. అయితే ప్రాంతీయ భాష అంటే ఆ రాష్ట్రంలో పాలకుల భాష మాత్రమేనా? రైలు పట్టాల వెంట వలసపోయిన వారి పిల్లల భాష కాదా? ఢిల్లీ పెద్దలు దీనికి జవాబు చెప్పాలి. చోటు సమస్యను సాంకేతిక శాస్త్రం తీర్చింది. ఇక తేలవలసింది పాలకుల చిత్తశుద్ధి.