మేం బాగ్దాదులోనే ఉండాలా?

పాత జానపద సినిమాల మాటొస్తే మన సెక్యులర్ మిత్రుల కళ్ళు మెరుస్తాయి. ‘ఆ రోజులే వేరు! రామారావు ఆలీబాబా వేషం కట్టాడు, నాగేశ్వరరావు అల్లావుద్దీన్ వేషం కట్టాడు, జనం ఎగబడి చూశారు, ఎవడన్నా మతం అడిగాడా?’ అంటారు. సభల్లో అంటారు, వ్యాసాల్లో రాస్తారు, మా భుజం మీద చెయ్యేసి మరీ చెప్తారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనం. ఆ ప్రేమకు ఒక షరతు కూడా ఉంది. అదేమిటో పెద్దయినంక ఆ సినిమాలు మళ్ళీ చూస్తేగాని కనపడదు.

ముందే చెప్తున్నాం, ఆ బొమ్మలంటే మాకు ఎవరికన్నా తక్కువ మోజు లేదు. ‘ఆలీబాబా 40 దొంగలు’ 1970లో వచ్చింది. ఉడిపి వైపు నుంచి వచ్చి తెలుగు జానపదాలకు బ్రహ్మ అనిపించుకున్న విఠలాచార్య తీశాడు. మేం పుట్టింది ఆ తర్వాత. మా దాకా వచ్చేసరికి అది కిరాయి వీసీఆర్ మీద గీతలు పడ్డ క్యాసెట్టుగా వచ్చింది. మనిషికింత అని పైసలేసుకుని, ఒకరింట్లో చాపలు పరిచి, తెల్లారేదాకా చూసేవాళ్ళం. ఆ బాగ్దాదు మాకు దూరమనిపించలేదు. మా నర్సాపూర్ చుట్టూ అడవి. కట్టెలు కొట్టి, మోపు కట్టి తెచ్చి అమ్ముకునేవాళ్ళు మా వాడకట్టులోనే ఉండిరి. ఆలీబాబా చేసేదీ అదే పని గదా! గొడ్డలి భుజానేసుకుని అడవికి పోయే సాయిబును కథకు నాయకుడిని చేసిన సినిమా మాకు అదొక్కటే దొరికింది. ఇక ఆ తెల్లారి నుంచి అడవిలో ఏ పెద్ద బండ కనపడ్డా దాని ముందు నిలబడి మంత్రం చదవడమే. ఒక్క బండా తెరుచుకోలేదు, అది వేరే సంగతి.

నిజానికి ఆ కథ మాకు సినిమా కన్నా ముందే తెలుసు. కరెంటు పోయిన రాత్రుళ్ళు నానీమా దక్కనీలో చెప్పేది. ఆమె ఖిస్సాలో దొంగలు నలభై దగ్గర ఆగేవాళ్ళు కాదు, వినే పిల్లల భయాన్ని బట్టి పెరిగేవాళ్ళు. మర్జియానా మాత్రం ఎప్పుడూ ఒక్కతే, అందరికన్నా తెలివైంది. సినిమాలో ఆ వేషం జయలలితది. ఒక బానిస పిల్ల తెలివితో ఇల్లు నిలబడ్డ కథ అది. తర్వాతి సినిమాల్లో ముస్లిం ఆడపిల్లకు బుర్ఖా మిగిలింది, మర్జియానా తెలివి మిగల్లేదు.

మొన్న ఆ సినిమా యూట్యూబ్‌లో కనపడితే ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. సగం అయిందో లేదో మా ఇంటి చిన్నపిల్ల అడిగింది: ‘అబ్బా, ఈ ఆలీబాబా మనోడేనా?’

‘మనోడే బేటా.’

‘మరి తెలుగు ఇంత మంచిగ ఎట్ల మాట్లాడుతుండు?’

ఈ పిల్ల బడిలో తెలుగు పద్యం తప్పులేకుండా అప్పజెప్తుంది. ఇంట్లో దక్కనీ, గల్లీలో తెలంగాణ తెలుగు, బడిలో పుస్తకం తెలుగు, మూడూ మాట్లాడుతుంది. అయినా తెర మీద ఒక సాయిబు సాఫుగా తెలుగు మాట్లాడేసరికి ఆమెకు అనుమానం వచ్చింది. సాయిబంటే తెలుగు రానివాడని ఎవరూ ఆమెకు పాఠం చెప్పలేదు. చూసి నేర్చుకుంది.

మేమన్న షరతు ఇదే. తెలుగు సినిమాలో బాగ్దాదు ముస్లింకు తెలుగు వస్తుంది, నర్సాపూర్ ముస్లింకు రాదు.

నమ్మకపోతే వరుసగా చూసుకోండి. 1949 ‘లైలా మజ్ను’లో అరబ్బు ఎడారి ప్రేమికులు చక్కని తెలుగులో విలపిస్తారు. 1957లో అల్లావుద్దీన్‌కు తెలుగొచ్చు. 1968లో ‘బాగ్దాద్ గజదొంగ’కు తెలుగొచ్చు. 1979 ‘అక్బర్ సలీం అనార్కలి’లో సాక్షాత్తు మొగలు పాదుషాకు తెలుగొచ్చు. పంజాబు నుంచి బొంబాయి పోయిన మహమ్మద్ రఫీ చేత కూడా ఆ సినిమాలో తెలుగు పాట పాడించుకున్నారు. ఎంత దూరపు ముస్లిమైతే అంత మంచి తెలుగు! అదే సాయిబు మీ వీధిలోకి, మీ సాంఘిక సినిమాలోకి అడుగుపెట్టాడా, నోరు వంకర పోతుంది. ‘నాకీ’, ‘నీకీ’, ‘నిమ్కీ’ మొదలవుతుంది. తల మీద టోపీ, మెడలో తావీజు, చేతిలో అత్తరు సీసానో కోడో. హీరోను ఎత్తుకుని పెంచుతాడు, ఇంటర్వెల్‌కు ముందు హీరో కోసం చచ్చిపోతాడు. పేరు రహీం చాచా. ఇంటి పేరుండదు, ఊరుండదు, పెండ్లాం పిల్లలు ఉన్నారో లేదో ఎవడూ అడగడు.

‘సినిమావాళ్ళు చెవిన పడ్డది రాశారు, మీలో కొందరు అట్లా మాట్లాడరా?’ అంటారు. మాట్లాడతారు. మా నానీమాకు తెలుగు అంతంతే. పాతబస్తీలో తెలుగు అక్కర రాకుండా బతుకు వెళ్ళిపోయినవాళ్ళున్నారు. కానీ దూదేకుల వాళ్ళ సంగతేంది? వాళ్ళలో ఎందరికో తల్లిభాషే తెలుగు. గుంటూరు, కర్నూలు, నెల్లూరు పల్లెల ముస్లింల సంగతేంది? రాజమండ్రిలో పుట్టిన కమెడియన్ అలీకి తెలుగు రాదని ఎవరన్నా అనగలరా? సాయిబు నోట తప్పు తెలుగు ఒక మనిషి తీరుగా వస్తే మాకు పేచీ లేదు. అది అందరికీ కుట్టిన యూనిఫారం అయింది, పేచీ అక్కడ. హీరో అమెరికా పోయి తప్పు ఇంగ్లీషు మాట్లాడితే అది అమాయకత్వం, ముద్దు. సాయిబు తప్పు తెలుగు మాట్లాడితే వాడు పరాయివాడని గుర్తు.

దీని ఫలితం హాల్లోనే ఆగదు. ముప్పై ఏండ్లు తెలుగులో రాసిన ముస్లింను పట్టుకుని ‘మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడుతారండీ!’ అని మెచ్చుకునే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. ఆ మెచ్చుకోలు విన్న ప్రతిసారీ మమ్మల్ని మర్యాదగా బాగ్దాదు బస్సెక్కిస్తున్నట్టే ఉంటుంది. వాళ్ళు అదే నోటితో జవాబు, కబురు, ఖర్చు, వసూలు, ఫిర్యాదు అంటారు. ఆ మాటలు ఏ దారిన వచ్చాయో అడిగితే మొహం చూస్తారు.

ఆ సినిమాలు ఏ దారిన వచ్చాయో కూడా కొంచెం చెప్పాలి. 1962లో ‘గులేబకావళి కథ’ వచ్చింది. ఆ పేరును జనం అచ్చ తెలుగు మాటలాగా ఒక్క ఊపిరిలో పలికేస్తారు. ‘గుల్-ఎ-బకావలీ’ అంటే బకావలీ పువ్వు. ఇజ్జతుల్లా బెంగాలీ అనే ఆయన 18వ శతాబ్దంలో దాన్ని ఫారసీలో రాశాడు. తర్వాత నిహాల్‌చంద్ లాహోరీ ఉర్దూ వచనం చేశాడు, ఆ తర్వాత దయాశంకర్ నసీం ఉర్దూ మస్నవీ చేశాడు. ఈ ఇద్దరూ హిందువులే. అందులో రాజకుమారుడు తాజుల్ ములూక్. తెలుగు తెర మీదికి వచ్చేసరికి ఆ పేరు పోయి సంస్కృతపు పేరు వచ్చింది. పువ్వు మాత్రం తన ఫారసీ పేరుతోనే నిలిచింది. పాటలు రాసింది ఎవరు? అప్పుడే సినిమాల్లో అడుగుపెట్టిన సి. నారాయణరెడ్డి, కరీంనగర్ హనుమాజీపేట మనిషి, ఉర్దూ మీడియంలో చదువుకుని తర్వాత తెలుగులో గజళ్ళు రాసినాయన. అంటే ఆ బొమ్మలో మా ఉర్దూ అడుగడుగునా ఉంది. ఉర్దూ మాట్లాడే మనిషి జాడే లేదు. దీపం ఉంచుకున్నారు, దీపం పట్టుకున్నవాణ్ణి బయట నిలబెట్టారు.

ఈ కథలన్నీ మావేనని దస్తావేజు చూపించడానికి మేం రాలేదు. ఆలీబాబా, అల్లావుద్దీన్ కథలు పాత అరబ్బీ ‘అల్ఫ్ లైలా’ ప్రతుల్లో లేవు. 1709లో పారిస్‌లో హన్నా దియాబ్ అనే అలెప్పో క్రైస్తవుడు చెప్తే గాలాన్ అనే ఫ్రెంచివాడు రాసుకున్నాడు. ఆ అల్లావుద్దీన్ ఉన్న ఊరు చీనాలో! కథకు ఇన్ని ఊళ్ళు తిరిగే హక్కుంది, ఎక్కడికి పోతే అక్కడి భాష మాట్లాడే హక్కుంది. మనిషికి లేదా? అయిదారు తరాలుగా నర్సాపూర్‌లో పుట్టి, నర్సాపూర్ ఖబరస్తాన్‌లో మట్టయిన వాళ్ళకు లేదా?

తలుపు మూసేవాళ్ళు మా ఇంట్లోనూ ఉన్నారు. జిన్నూ పరీ ఖిస్సాలు ఖురాఫాత్ అని, సినిమా చూస్తే గునాహ్ అని, పీర్ల పండుగ మనది కాదని చెప్పి నానీమాల నోళ్ళు మూయించినవాళ్ళు. తెలుగు మన జబాన్ కాదనేది కూడా వీళ్ళే. సినిమావాళ్ళు రాసిన రహీం చాచాతో వీళ్ళకు పెద్ద తగాదా లేదు. ఇద్దరి లెక్కలోనూ ముస్లింకు తెలుగు పరాయిదే.

1992 డిసెంబరు 6 తర్వాత రహీం చాచా కూడా సరిపోలేదు. అదే ఏడు వచ్చిన ‘రోజా’ తెలుగు డబ్బింగ్‌లో ఊరూరా ఆడింది. నమాజు చేసేవాడి చేతికి తుపాకీ వచ్చింది. 2002 ‘ఖడ్గం’లో ప్రకాష్‌రాజ్ వేసిన అంజద్ మంచి ముస్లిం. ఎంత మంచివాడంటే తన దేశభక్తి రుజువు చేసుకోవడానికే సినిమా అంతా సరిపోయింది అతనికి. మిగతా పాత్రలకు ప్రేమలుంటాయి, ఉద్యోగాలుంటాయి, సినిమా ఛాన్సులుంటాయి. అతనికి పరీక్ష ఉంటుంది. 2007లో మక్కా మసీదులో బాంబు పేలినంక పోలీసులు పట్టుకుపోయిన ముస్లిం కుర్రాళ్ళు తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. అప్పటికే చూసిన సినిమాల్లో జనం వాళ్ళకు శిక్ష వేసేసి ఉన్నారు.

ఈ నేల మీద మాకు హీరోలు లేక బాగ్దాదు పోవలసిన అగత్యమేం లేదు. మా మెదక్ జిల్లా అందోలులో 1908లో పుట్టిన మఖ్దూం ఉన్నాడు. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కొట్లాడి ప్రాణమిచ్చిన బందగీ ఉన్నాడు. రజాకార్లను ఎదిరించి రాసి, 1948 ఆగస్టులో వాళ్ళ చేతుల్లోనే చచ్చిపోయిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఉన్నాడు. రజాకార్ల మీద సినిమాకు 2024లో పెట్టుబడి దొరికింది. బందగీ వేషం కట్టడానికి ఏ పెద్ద హీరో ముందుకొస్తాడు? ఆలీబాబా వేషానికి సిగ్గుపడని పరిశ్రమకు బందగీ దగ్గర అడ్డొస్తున్నదేమిటి?

తెలంగాణ భాషకు కూడా తెలుగు సినిమాలో చాలాకాలం పట్టిన గతి ఇదే. రౌడీకో, పనిమనిషికో, నవ్వించేవాడికో ఇచ్చిన భాష అది. 2014లో రాష్ట్రం వచ్చినంక గాలి తిరిగింది. 2017 ‘ఫిదా’లో బాన్సువాడ పిల్ల హీరోయిన్ అయింది, 2023 ‘బలగం’ పల్లె యాసతోనే ఏడిపించింది. మేమూ చూసినం, మేమూ ఏడ్చినం. ఆ యాస మాది కూడా. కానీ ఆ యాసలో మాట్లాడే సాయిబు కథ నడిపించే చోటికి ఇంకా రాలేదు. తమ నోటికి జరిగిన అవమానం మీద ఇన్నేండ్లు కొట్లాడిన తెలంగాణ దర్శకులకు పక్కింటివాడి నోరు ఎందుకు వినపడదు?

మా బస్టాండు దగ్గర మా పిల్లగాడొకడు పండ్ల బండి పెడతాడు. ఎర్రటి ఎండలో ఒక ముసలమ్మ బత్తాయిలు బేరమాడుతుంటే, ‘అవ్వా, నీకు ఎక్కువ చెప్తనా? రెండు ఎక్కువేసిన, సంచి పట్టు’ అంటాడు. సినిమాకు మాటలు రాసేవాళ్ళు హైదరాబాద్ నుంచి మెదక్ పోవాలంటే ఆ బండి ముందు నుంచే పోతారు. కారు అద్దం కొంచెం దించితే చాలు.